బ్లూ రిబ్బన్ స్కూల్ అంటే ఏమిటి? అమెరికాలో తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఇల్లు వెతుక్కునే ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే మూడో మాటకల్లా స్కూలు ప్రస్తావన వస్తుంది. ఐదో మాటకల్లా "బ్లూ రిబ్బనేనా?" అన్న ప్రశ్న వస్తుంది. న్యూజెర్సీలో ఉన్నప్పుడు నేనూ అలాగే అడిగినవాణ్ణే. డల్లాస్ వైపు వచ్చి పాతకాపునయ్యాక ఇప్పుడు నన్ను అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఇదంతా ఒకచోట రాశాను. బాగా చదువు చెప్పే స్కూళ్లకు అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇస్తూ వచ్చిన ఈ గుర్తింపు పథకాన్ని 2025లో ఎత్తేసింది కాబట్టి, మీ పిన్నిగారి అబ్బాయి ఐదేళ్ల కిందట చెప్పిన సంగతులు కొన్ని ఇప్పుడు చెల్లవు.

బ్లూ రిబ్బన్ ఎవరిచ్చేవారు? ఎప్పుడు మొదలైంది?

అమెరికా కేంద్ర విద్యాశాఖ ఇచ్చేది. పూర్తి పేరు నేషనల్ బ్లూ రిబ్బన్ స్కూల్స్ ప్రోగ్రామ్. అధ్యక్షుడు రేగన్ హయాంలో విద్యామంత్రిగా ఉన్న టెరెల్ బెల్ 1982లో మొదలుపెట్టాడు. మొదట హైస్కూళ్లకూ మిడిల్ స్కూళ్లకూ మాత్రమే ఇచ్చారు, 1985-86 నుంచి ఎలిమెంటరీ స్కూళ్లకూ ఇచ్చారు. ఇందులో ఒక తమాషా ఉంది. ఈ బెల్ వేసిన కమిషనే 1983లో 'దేశం ప్రమాదంలో ఉంది, మన బడులు దిగజారిపోయాయి' అని పెద్ద నివేదిక ఇచ్చి దేశాన్ని ఉలిక్కిపడేలా చేసింది. ఒక చేత్తో మొట్టికాయ వేస్తూనే ఇంకో చేత్తో శాలువా కప్పే ఏర్పాటు కూడా అదే శాఖ చేసుకుందన్నమాట.

పేరు ఎక్కడిదంటారా? అమెరికా పల్లెల్లో కౌంటీ ఫెయిర్లని జరుగుతాయి, మన తిరునాళ్లలాంటివి. అక్కడ అన్నిటికన్నా పెద్ద గుమ్మడికాయకీ, బాగా మేపిన దూడకీ మొదటి బహుమతిగా నీలం రిబ్బను కడతారు. ఆ నీలం రిబ్బనే బడి గుమ్మానికి వచ్చింది.

స్కూలు తనంతట తాను దరఖాస్తు పెట్టుకోవచ్చా?

ఒకప్పుడు పెట్టుకునే వీలుండేది. 2002 దాకా పద్ధతి వేరు. స్కూలు తన గురించి తానే పెద్ద వ్యాసం రాసి పంపేది. నచ్చితే బయటి నుంచి మనుషులు వచ్చి క్లాసుల్లో కూర్చుని, టీచర్లతో, తల్లిదండ్రులతో మాట్లాడి వెళ్లేవారు. వినడానికి బాగుంటుంది. చిక్కేమిటంటే కాగితం మీద బాగా రాయగలిగిన స్కూలుకే బహుమతి దక్కేది. రిబ్బన్ ఉన్న కొన్ని బడుల్లో పిల్లల మార్కులు మామూలుగానే ఉన్నాయని బ్రూకింగ్స్ అనే అధ్యయన సంస్థ పరిశోధకులు 2000 ప్రాంతంలో ఎత్తిచూపారు. బుష్ ప్రభుత్వం, బడులను పరీక్ష మార్కులతో కొలిచే 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం తెచ్చాక లెక్క తిరగబడింది. 2003 నుంచి రాష్ట్ర విద్యాశాఖ అధిపతి మార్కుల జాబితా చూసి స్కూళ్ల పేర్లు పంపితేనే, కేంద్రం ఆ స్కూళ్లను దరఖాస్తు నింపమని పిలిచేది. బడికి వచ్చి చూసే మనిషి లేడు.

ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. బోర్డు మీద 1998 అని ఉంటే ఒక రకం రిబ్బను, 2018 అని ఉంటే ఇంకో రకం. పేరొకటే, కొలత మాత్రం వేరు.

ఎంపికకు లెక్క ఏమిటి?

రెండు దారులుండేవి. మొదటిది మార్కుల దారి. రాష్ట్ర పరీక్షల్లో ఇంగ్లిష్, లెక్కలు రెండింటిలోనూ ఆ స్కూలు రాష్ట్రం మొత్తం మీద పై 15 శాతంలో ఉండాల్సి వచ్చేది. హైస్కూలైతే ఎంతమంది పిల్లలు గడువులోపు చదువు పూర్తిచేశారన్నది కూడా చూసేవారు. సగటు బాగున్నంత మాత్రాన సరిపోయేది కాదు. పేద పిల్లలు, ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు, వీళ్ల మార్కుల్ని కూడా విడివిడిగా తీసి చూసేవారు.

రెండో దారి అంతరం తగ్గించడం. స్కూల్లో వెనకబడిన పిల్లలకూ మిగతావాళ్లకూ మధ్య తేడా కొన్నేళ్లుగా ఎంత తగ్గుతూ వచ్చిందో చూసి ఇచ్చేది. నా మటుకు నాకు ఇదే అసలైన రిబ్బను అనిపిస్తుంది. మొదటి రకం వచ్చిన స్కూళ్లలో సగం చోట్ల పిల్లలు ఇంట్లోనే సగం చదువుకుని వస్తారు. సాయంత్రం కుమాన్, శనివారం మ్యాథ్ క్లాసు, ఆదివారం స్పెల్లింగ్ బీ కోచింగ్. మన ఇళ్ల సంగతి మనకు తెలియనిదా? ఆ మార్కుల్లో స్కూలు వాటా ఎంత, అమ్మానాన్నల వాటా ఎంత అన్నది ఏ ఫలకం మీదా రాయరు. రెండో రకం రిబ్బను తెచ్చుకున్న చోట మాత్రం టీచర్లు చెమటోడ్చి ఉంటారు.

డబ్బున్న పేటలకే అన్నీ పోకుండా ఇంకో నియమం పెట్టారు. రాష్ట్రం పంపే పేర్లలో కనీసం మూడో వంతు, 40 శాతానికి తగ్గకుండా పేద నేపథ్యం పిల్లలు చదివే స్కూళ్లవై ఉండాలన్నారు.

ఏటా ఎన్ని స్కూళ్లకు వచ్చేది?

దేశం మొత్తం మీద ఎక్కువలో ఎక్కువ 420 పేర్లు పంపే వీలుండేది. పెద్ద రాష్ట్రాలకు ఎక్కువ కోటా, ఎంత చిన్న రాష్ట్రానికైనా కనీసం మూడు. 2023లో 353 స్కూళ్లకు, 2024లో 356 స్కూళ్లకు వచ్చింది. అమెరికాలో ప్రభుత్వ స్కూళ్లే లక్షకు కాస్త అటూఇటూ ఉంటాయి, ప్రైవేటువి వేరే. అంటే ఒక ఏడాదిలో వెయ్యి స్కూళ్లకు మూడైనా రావు. అందుకే మీ స్కూలుకు రాలేదంటే అర్థం ఏమీ లేదు. మన ఊళ్లో నంది అవార్డు రానివాడు నటుడు కాడా?

ప్రైవేటు స్కూళ్ల సంగతేమిటి?

వాటి పేర్లు రాష్ట్రం పంపేది కాదు. 'కౌన్సిల్ ఫర్ అమెరికన్ ప్రైవేట్ ఎడ్యుకేషన్' అనే సంస్థ 50 పేర్ల దాకా పంపేది. ప్రైవేటు స్కూళ్లు చాలావరకు రాష్ట్ర పరీక్షలు రాయవు కాబట్టి దేశవ్యాప్తంగా వాడే వేరే పరీక్షల మార్కులు చూపించేవి. కాథలిక్ స్కూళ్లు ఈ జాబితాలో చాలా కనిపిస్తాయి. ప్రభుత్వ డబ్బుతో విడిగా నడిచే చార్టర్ స్కూళ్లు, ఏదో ఒక ప్రత్యేక అంశం మీద నడిచే మ్యాగ్నెట్ స్కూళ్లు ప్రభుత్వ స్కూళ్ల లెక్కలోకే వస్తాయి.

రిబ్బన్ వస్తే స్కూలుకు డబ్బు వస్తుందా?

ఒక్క డాలరూ వచ్చేది కాదు. నవంబరులో వాషింగ్టన్‌లో సభ పెట్టి ఫలకం ఇచ్చేవారు, జెండా ఇచ్చేవారు. ప్రిన్సిపాల్, ఒక టీచరు వెళ్లి తెచ్చుకునేవారు. 2012 నుంచి కొందరు ప్రిన్సిపాళ్లకు టెరెల్ బెల్ పేరుమీద విడిగా ఒక గౌరవం కూడా ఉండేది. అంతే. పిల్లలకు ఆ రోజు కప్‌కేకులు, నీలం టీషర్టులు. మా చిన్నది రెండో తరగతిలో ఉండగా వాళ్ల స్కూల్లో జిమ్‌లో జెండా ఎగరేసిన రోజు నేనూ వెళ్లాను. ప్రిన్సిపాల్‌గారు మైకులో మాట్లాడుతూ ముందు టీచర్ల పేర్లు చెప్పలేదు. బస్సు డ్రైవర్లను, క్యాఫెటీరియాలో వడ్డించేవాళ్లను, రాత్రిపూట నేల తుడిచే ఆయన్ను పేరుపేరునా ముందుకు పిలిచి చప్పట్లు కొట్టించారు. ఫలకం ఎక్కడ పెట్టారో ఇప్పుడు గుర్తులేదు గానీ ఆ నేల తుడిచే ఆయన టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడటం గుర్తుంది.

మా రియల్టర్ 'ఇది బ్లూ రిబ్బన్ జోన్' అంటున్నాడు. నమ్మొచ్చా?

మూడు ప్రశ్నలు అడగండి. ఏ సంవత్సరం? ఏ స్కూలు? ఈ ఇంటి చిరునామా ఇప్పటికీ ఆ స్కూలు బౌండరీలోనే, అంటే ఆ స్కూలు పిల్లల్ని చేర్చుకునే హద్దులోనే, ఉందా?

నేను ఈ మూడూ అడగకుండానే ఒక ఇంటికి అడ్వాన్సు దాకా వెళ్లాను. ఫ్లయర్ మీద బ్లూ రిబ్బన్ అని ఉంది, గుర్తు కూడా ముద్రించారు. తీరా చూస్తే ఆ రిబ్బను ఎలిమెంటరీ స్కూలుకు వచ్చింది, అదీ పదమూడేళ్ల కిందట. మా పెద్దవాడు వెళ్లాల్సింది మిడిల్ స్కూలుకి. పైగా కొత్త స్కూలు ఒకటి కట్టాక హద్దులు మార్చారు, ఆ వీధి ఆ ఎలిమెంటరీకి కూడా చెందదు. రియల్టర్ అబద్ధం ఆడాడనను, ఆయనకూ తెలియదు. స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో చిరునామా కొడితే ఏ స్కూలో చూపించే పేజీ ఉంటుంది. రెండు నిమిషాల పని.

ఒకసారి రిబ్బన్ వచ్చిన స్కూలు ఐదేళ్ల దాకా మళ్లీ పోటీకి రాకూడదని నియమం ఉండేది. కాబట్టి రెండుసార్లు, మూడుసార్లు తెచ్చుకున్న స్కూలుంటే అది కొంచెం గట్టి కబురే. ఒకే ఒక్కసారి, పదిహేనేళ్ల కిందట వచ్చి ఉంటే అప్పటి ప్రిన్సిపాల్, అప్పటి టీచర్లలో ఎందరు ఉన్నారో ఊహించుకోండి.

రిబ్బన్ వెనక ఉన్న మార్కులు ఎంత పాతవి?

కొత్త రిబ్బన్‌లో కూడా కొంత పాతదనం ఉంటుంది. వసంతకాలంలో పిల్లలు రాసిన పరీక్ష చూసి రాష్ట్రం పేరు పంపేది. ఆ మీదట దరఖాస్తు, పరిశీలన, మరుసటి సెప్టెంబరులో ప్రకటన, నవంబరులో ఫలకం. అంటే పేరు పంపడానికి పునాది అయిన మార్కులు సభ నాటికి ఏడాదిన్నరవి. కోవిడ్ ఏడాది, అంటే 2020 వసంతంలో, దేశమంతా రాష్ట్ర పరీక్షలు రద్దయ్యాయి. ఆ చుట్టుపక్కల ఏళ్ల రిబ్బన్లను చూసేటప్పుడు అది కూడా మనసులో పెట్టుకోండి.

అయితే రిబ్బన్ వల్ల మనకు ఉపయోగమే లేదా?

ఉంది. రిబ్బన్ కన్నా దాని కోసం స్కూలు నింపిన దరఖాస్తు వల్ల ఎక్కువ ఉపయోగం. ఈ సంగతి చాలామందికి తెలియదు, నాకూ ఆలస్యంగా తెలిసింది. అవి రహస్య కాగితాలు కావు. ఎంపికైన స్కూళ్ల దరఖాస్తుల్ని విద్యాశాఖ పీడీఎఫ్‌లుగా బహిరంగంగా పెట్టేది, చాలా స్కూళ్లు సొంత వెబ్‌సైటులోనూ పెట్టుకున్నాయి. స్కూలు పేరు, ఊరి పేరు, రిబ్బన్ వచ్చిన సంవత్సరం, 'అప్లికేషన్' అన్న మాట కలిపి గూగుల్‌లో కొడితే చాలావరకు దొరుకుతుంది. పదిహేను, ఇరవై పేజీలుంటుంది. మొదటి రెండు పేజీలూ సంతకాలు, ధ్రువీకరణలు, వాటిని దాటెయ్యండి.

తర్వాత వచ్చే అంకెల పట్టికలు బంగారం. ఏ తరగతిలో ఎంతమంది పిల్లలు. క్లాసు టీచర్లు ఎందరు, స్పెషల్ ఎడ్యుకేషన్ వంటి వాటికి నిపుణులు ఎందరు, సహాయకులు ఎందరు. ఒక టీచరుకు ఎంతమంది పిల్లలు. ఐదేళ్ల హాజరు శాతం పక్కపక్కనే. ఏడాది మధ్యలో ఎంతమంది పిల్లలు వచ్చి చేరారు, ఎంతమంది వెళ్లిపోయారు. ఈ చివరి అంకె చాలా చెబుతుంది. అపార్ట్‌మెంట్లు ఎక్కువున్న చోట పిల్లలు తరచుగా మారిపోతుంటారు, అయినా ఆ స్కూలు మార్కులు నిలబెట్టుకుందంటే అక్కడ ఏదో మంచి పద్ధతి ఉన్నట్టే. హైస్కూలైతే చదువయ్యాక ఎంతమంది నాలుగేళ్ల కాలేజీకి వెళ్లారు, ఎంతమంది కమ్యూనిటీ కాలేజీకి, ఎంతమంది ఉద్యోగానికి అన్నది కూడా ఉంటుంది. ప్రైవేటు స్కూలైతే తరగతివారీగా ఫీజు, సగటున ఎంత సాయం చేస్తారు అన్నవి కూడా ఉంటాయి. ఫోన్ చేసి అడిగితే నసిగే వివరాలు అక్కడ నల్లటి అక్షరాల్లో ఉంటాయి.

ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లల సంఖ్య రాసే చోట, వాళ్ల ఇళ్లలో మాట్లాడే భాషల పేర్లు కూడా రాయాలి. మొదటిసారి ఒక దరఖాస్తులో ఆ వరుస చదువుతున్నప్పుడు స్పానిష్, ఆ పక్కన తెలుగు కనిపించింది. తర్వాత తమిళం, మాండరిన్, గుజరాతీ. ఆ రాత్రి మా ఆవిడను నిద్రలేపి మరీ చూపించాను. ఆవిడ కళ్లు నులుముకుంటూ "అయితే మనవాళ్లకు ఇంగ్లిష్ రాదని రాశారా?" అని మళ్లీ పడుకుంది. ఆవిడ అన్నదాంట్లోనూ నిజముంది. ఇండియా నుంచి నేరుగా వచ్చిన పిల్లలకు ఆ స్కూలు ఇంగ్లిష్‌లో ఎలా చేయూతనిస్తుందో ఆ కాగితంలోనే రాసి ఉంటుంది. హెచ్1బీ మీద కొత్తగా వచ్చి, మూడో తరగతి పిల్లాణ్ణి ఏప్రిల్ నెలలో చేర్చాల్సి వచ్చినవాళ్లకు ఇది చాలా అవసరమైన సంగతి.

చివరి పేజీల్లో స్కూలు తన గురించి తాను రాసుకున్న వ్యాసం ఉంటుంది. చదువు ఎలా చెబుతాం, వెనకబడినవాడిని ఎలా పట్టుకొస్తాం, ముందున్నవాడికి ఏం ఇస్తాం, మా విజయానికి ముఖ్య కారణం ఏమిటి. కొన్ని వ్యాసాలు కార్పొరేట్ బ్రోచర్‌లా నురగ మాటలతో ఉంటాయి. కొన్నిట్లో మాత్రం 'రోజూ ఉదయం ఫలానా అరగంట ఏ పిల్లాడికి ఏది రాలేదో అదే చెబుతాం, ఆ అరగంటలో మ్యూజిక్ టీచరు కూడా ఒక గుంపును తీసుకుంటారు' అన్నంత కచ్చితంగా ఉంటుంది. అలా కచ్చితంగా రాసినవాళ్లను నమ్మబుద్ధి అవుతుంది.

మార్కుల మీదే ఆధారపడితే మోసాలు జరగవా?

అనుమానాలు వచ్చాయి. వాషింగ్టన్ డీసీలో 2009లో రిబ్బన్ అందుకున్న ఒక స్కూల్లో, జవాబు పత్రాల మీద తప్పు జవాబు చెరిపి ఒప్పు జవాబు దిద్దిన గుర్తులు మామూలు కన్నా చాలా ఎక్కువగా ఉన్నాయని యూఎస్ఏ టుడే పత్రిక 2011లో రాసింది. తర్వాత విచారణ జరిపిన నగర అధికారులు విస్తృతంగా మోసం జరిగిందనడానికి ఆధారాల్లేవన్నారు. ఒక స్కూలును పట్టుకుని అన్నిటినీ అనడం న్యాయం కాదు. కానీ ఎవరూ బడికి వచ్చి చూడకుండా అంకెలు చూసి బహుమతి ఇస్తే ఇలాంటి సందేహానికి చోటుంటుంది.

గ్రీన్ రిబ్బన్ అని కూడా విన్నాను, అదేమిటి?

అది వేరు. కరెంటు, నీళ్లు పొదుపు, ఆరోగ్యకరమైన వాతావరణం, పర్యావరణ పాఠాలు, వీటికి 2012 నుంచి ఇచ్చారు. మార్కులకు దానితో సంబంధం లేదు. అలాగే కాలిఫోర్నియాలో 'డిస్టింగ్విష్డ్ స్కూల్' అన్నది రాష్ట్రం ఇచ్చేది, కేంద్రానిది కాదు.

పథకం నిజంగానే ఆగిపోయిందా?

అవును. 2025 ఆగస్టు చివర్లో కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు ఉత్తరం రాసి బ్లూ రిబ్బన్ పథకాన్ని ముగిస్తున్నట్టు చెప్పింది. చదువు వ్యవహారం రాష్ట్రాలదే, మెచ్చుకోవడం కూడా రాష్ట్రాలే చూసుకోవచ్చు అన్నది వాళ్లు చెప్పిన కారణం. అప్పటికే ఆ ఏడాది పేర్లు వెళ్లాయి, స్కూళ్లు నెలల తరబడి కూర్చుని దరఖాస్తులు నింపాయి, సెప్టెంబరు ప్రకటన కోసం ఎదురు చూస్తున్నాయి. పందిరి వేసి, వంటలు వండాక పెళ్లి లేదన్నట్టయింది వాళ్ల పరిస్థితి. కొన్ని రాష్ట్రాలు తాము పంపిన స్కూళ్లను తామే పిలిచి సన్మానించుకున్నాయి.

రిబ్బన్‌ను ఇంతగా విమర్శించిన నాకే ఈ వార్త చదివి మనసు కొంచెం చివుక్కుమంది. ఖర్చు చూస్తే ఫలకాలు, జెండాలు, ఒక సభ. ఆ దరఖాస్తులు కొత్తవి ఇక రావన్నదే నా అసలు బాధ.

మరి ఇప్పుడు స్కూలు మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

జిల్లో, రెడ్‌ఫిన్ లాంటి ఇళ్లు వెతికే సైట్లు తెరిస్తే ఇంటి బొమ్మ కింద పదికి ఇన్ని అని గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ ఇచ్చే అంకె కనిపిస్తుంది. మనవాళ్లు తొమ్మిది కన్నా తక్కువుంటే పేజీ మూసేస్తారు. ఏడుకీ తొమ్మిదికీ తేడా చాలాసార్లు ఆ పేటలో ఇళ్ల ధరల తేడాయే. ఆ అంకె మీద నొక్కితే లోపల విడిభాగాలుంటాయి, వాటిలో 'గ్రోత్' లేక 'ప్రోగ్రెస్' అన్నది చూడండి. పిల్లాడు గత ఏడాది ఎక్కడున్నాడు, ఈ ఏడాది ఎక్కడికి వచ్చాడు అన్నది అది చెబుతుంది. ఇంట్లో కోచింగు వాటా అందులో కొంత తగ్గుతుంది.

రాష్ట్రం ఇచ్చేవి ఇంకా నయం. టెక్సస్‌లో స్కూళ్లకు ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడులు ఇస్తారు, మార్కులు, ఎదుగుదల, అంతరం తగ్గించడం మూడూ విడిగా కనిపిస్తాయి. కోర్టు గొడవల వల్ల కొన్నాళ్లు ఆగి, 2025లో పాతవీ కొత్తవీ బయటికొచ్చాయి. ఇల్లినాయిస్‌లో పై పది శాతం స్కూళ్లకు 'ఎగ్జెంప్లరీ' అని రాస్తారు. న్యూజెర్సీ ఏటా ప్రతి స్కూలుకూ పెర్ఫార్మెన్స్ రిపోర్టు ఇస్తుంది. అందులో స్టూడెంట్ గ్రోత్ పర్సంటైల్ అన్న అంకె నాకు ఇష్టం. గత ఏడాది మీ పిల్లాడితో సమానంగా మార్కులొచ్చిన పిల్లలందరిలో ఈసారి మీవాడు ఎక్కడ నిలిచాడో అది చెబుతుంది.

అన్నిటికన్నా ముందు స్కూలుకు వెళ్లండి. ప్రిన్సిపాల్ ఆఫీసులో కూర్చోవడం కన్నా మధ్యాహ్నం బడి వదిలేటప్పుడు కార్ల వరసలో నిలబడి చూడటం మేలు. టీచర్లు పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తున్నారా, ఎండలో చివరి పిల్లాడు వెళ్లేదాకా ఎవరైనా నిలబడుతున్నారా? నేను చూసిన ఒక స్కూల్లో గోడ మీద రెండు రిబ్బన్లున్నాయి, ఆఫీసులో అడిగిన ప్రశ్నకు తల ఎత్తి జవాబు చెప్పినవాళ్లు లేరు.

ఇంగ్లండ్‌లో మా చెల్లెలు 'అవుట్‌స్టాండింగ్ స్కూల్' అంటుంది. అది ఇలాంటిదేనా?

కాదు. అది బహుమతి కాదు, తనిఖీ తీర్పు. ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ తనిఖీ సంస్థ ఇన్‌స్పెక్టర్లు బడికి స్వయంగా వచ్చి చూసి ఇచ్చేవారు, ప్రభుత్వ బడులకు తనిఖీ తప్పనిసరి. ఆ పద్ధతికి వేరే జబ్బు పట్టింది. 'అవుట్‌స్టాండింగ్' వచ్చిన స్కూళ్లను 2012 నుంచి 2020 దాకా మామూలు తనిఖీల నుంచి మినహాయించారు. దాంతో కొన్ని బడులు పదేళ్లకు పైగా పాత తీర్పు మీదే బండి నడిపాయి. 2023 జనవరిలో ఒక ప్రధానోపాధ్యాయురాలు, తన బడి మీద వచ్చిన తీర్పు తర్వాత ప్రాణం తీసుకోవడంతో దేశమంతా చర్చ జరిగి, 2024 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ స్కూళ్లకు ఒకే మాటలో తీర్పు చెప్పడం మానేశారు. కాబట్టి మీ చెల్లెలు ఇప్పుడు ఆ మాట విన్నా, దాని వెనక తేదీ అడగమనండి.

ఇండియాలో స్కూళ్లకు ఇలాంటి జాతీయ గుర్తింపు ఉందా?

మార్కుల ఆధారంగా కేంద్రం స్కూళ్లకు ఇచ్చే బ్లూ రిబ్బన్ వంటిది లేదు. సెప్టెంబరు 5న రాష్ట్రపతి ఇచ్చేది ఉపాధ్యాయులకు, బడికి కాదు. పీఎం శ్రీ అన్నది 14,500 బడుల్ని ఎంచుకుని డబ్బిచ్చి బాగుచేసే పథకం, అది సన్మానం కాదు. పేపర్లలో మొదటి పేజీ నిండా వచ్చే 'ఆలిండియా నంబర్ వన్' ప్రకటనల సంగతి మీకూ తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

నిజంగా బడికి ఇచ్చే గుర్తింపు స్వచ్ఛ విద్యాలయ పురస్కారం, 2016లో మొదలైంది. తాగునీరు, మరుగుదొడ్డి, సబ్బుతో చేతులు కడుక్కునే చోటు, వీటి నిర్వహణ, పిల్లల అలవాట్లు, వీటికి మార్కులు. బడి తానే వివరాలు నింపి పంపాలి, తర్వాత జిల్లా వాళ్లు వచ్చి సరిచూడాలి. జిల్లా దాటితే రాష్ట్రం, రాష్ట్రం దాటితే ఢిల్లీ. మొదటి ఏడాది 172 బడులు జాతీయ స్థాయిలో నెగ్గాయి, ఉత్తమ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. 2021-22లో ఎనిమిది లక్షలకు పైగా బడులు పాల్గొంటే 39 మాత్రమే ఢిల్లీ దాకా వెళ్లాయి. 2025 జులైలో దీన్నే స్వచ్ఛ, హరిత విద్యాలయ రేటింగ్‌గా మార్చారు.

అమెరికాలో కూర్చుని 'మరుగుదొడ్డికి అవార్డా' అని నవ్వేవాళ్లున్నారు. మా అమ్మ చదివిన బడిలో ఆడపిల్లలకు దొడ్డి లేక ఏడో తరగతితో సగం మంది మానేశారని ఆమె చెబుతుంటుంది. ఇంకో మాట. బ్లూ రిబ్బన్ కోసం 2003 తర్వాత ఎవరూ బడి గడప తొక్కలేదు. ఈ పురస్కారానికి ఎవరో ఒకరు వచ్చి కుళాయి తిప్పి నీళ్లొస్తున్నాయో లేదో చూడాల్సిందే.

మా స్కూలు ముందు బ్లూ రిబ్బన్ బోర్డు ఇంకా ఉంది. పథకం ఆగిపోయింది కదా, తీసేస్తారా?

తియ్యరు. ఇచ్చింది ఇచ్చినట్టే, కొత్తవి ఇవ్వరంతే. మా చిన్నదాని స్కూలు ముందు జెండా ఎండకు వెలిసి ఇప్పుడు దాదాపు తెల్లగా ఉంది. మొన్న పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) మీటింగులో దాన్ని మార్చాలా అని ఒకాయన అడిగితే, కొత్తది ఎక్కడ కొనాలో ఎవరికీ తెలియక ఆ విషయం వచ్చే నెలకు వాయిదా వేశారు.